వెచ్చాల పద్దు: ముందు కొలత, తరువాత రూపాయి

నెల మొదట్లో ఇంటి యజమాని కొంత సొమ్ము ఇల్లాలి చేతిలో పెట్టి, ఈ నెల వెచ్చాలు ఇందులోనే సరిపెట్టమంటాడు. ఆమె సరేనంటుంది. ఇరవయ్యో తారీఖు దాటేసరికి నూనె డబ్బా అడుగంటుతుంది, కందిపప్పు నిండుకుంటుంది, కిరాణా కొట్టులో అరువు మొదలవుతుంది. అరువుతోపాటే ఇంట్లో మాట కూడా మొదలవుతుంది. ఇచ్చిన డబ్బంతా ఏమైందని ఆయన అడుగుతాడు. బజారులో ధరలు ఎలా ఉన్నాయో తెలుసా అని ఆమె అంటుంది. ఆలోచించి చూస్తే ఇద్దరి మాటలోనూ నిజం ఉంటుంది. ఎవరి మాటలో ఎంత నిజం ఉందో తేల్చి చెప్పే సాధనం మాత్రం చాలా ఇళ్లలో ఉండదు. అది లేకపోవడం వల్ల ఖర్చు సమస్య కాస్తా అనుమానంగా, అనుమానం కాస్తా మనస్పర్థగా మారుతోంది. దాంపత్యంలో ప్రేమను, కారుణ్యాన్ని తన సూచనలలో ఒకటిగా అల్లాహ్ పేర్కొన్నాడు. అంతటి బంధం పప్పూ నూనెల దగ్గర దెబ్బతినడం ఎంత బాధాకరం!

ఆ సాధనం ఖరీదైనదేమీ కాదు. ఒక కొలపాత్ర, ఒక నోటుపుస్తకం. వెచ్చాల పద్దును రూపాయలలో రాయడానికి ముందు కిలోలలో, లీటర్లలో రాసుకోవడమే ఈ వ్యాసం చెప్పదలచిన విషయం.

రూపాయల పద్దు ఎందుకు తప్పుతుంది?

సరుకుల ఖర్చు రెండింటి మీద ఆధారపడి ఉంటుంది. ఒకటి ధర, రెండోది పరిమాణం. ధర మన చేతిలో లేదు. పరిమాణం చాలావరకు మన చేతిలోనే ఉంది. కేవలం రూపాయలలో పద్దు రాసినప్పుడు ఈ రెండూ కలిసిపోయి, లోటు ఎక్కడ వచ్చిందో తెలియకుండా పోతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. అంకెలు కేవలం వివరణ కోసమే. పోయిన నెల ఒక ఇంట్లో లీటరు 130 రూపాయల చొప్పున 4 లీటర్ల నూనె వాడారు. ఖర్చు 520 రూపాయలు. ఈ నెల ధర 150కి పెరిగింది, వాడకం 5 లీటర్లయింది. ఖర్చు 750. అంటే 230 రూపాయలు పెరిగింది. అందులో ధర వల్ల పెరిగినది నాలుగు లీటర్లకు ఇరవై చొప్పున 80 రూపాయలు. అదనంగా వాడిన ఒక లీటరు వల్ల పెరిగినది 150 రూపాయలు. ఇక్కడ ధర పెరిగిందన్న ఇల్లాలి మాట అబద్ధం కాదు. చెయ్యి జారిందన్న భర్త మాటా అబద్ధం కాదు. పరిమాణం రాసి ఉన్నందువల్ల ఇద్దరూ ఒకే కాగితం చూసి మాట్లాడుకోగలుగుతారు, గొంతు పెంచవలసిన అవసరం రాదు.

ధరలు మన ప్రమేయం లేకుండా ఎలా కదులుతాయో ఇటీవలి సంవత్సరాలలో అందరం చూశాం. 2023 జూలైలో అనేక చోట్ల కిలో టమాటా 150 రూపాయలు దాటింది. మన రాష్ట్ర ప్రభుత్వం రైతుబజార్లలో 50 రూపాయలకు అమ్మించవలసి వచ్చింది. 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెలపై మౌలిక దిగుమతి సుంకాన్ని కేంద్రం సున్నా నుంచి 20 శాతానికి పెంచింది. 2025 మే చివరలో దానిని 10 శాతానికి తగ్గించింది. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా విదేశాల నుంచే వస్తుంది కనుక ఢిల్లీలో జరిగిన ఆ నిర్ణయం పాతపట్నంలోని పొయ్యి దాకా చేరింది. ఇటువంటి పెరుగుదలకు ఇల్లాలిని నిలదీయడం అన్యాయం. అలాగే ప్రతి లోటునూ ధరల మీదకు నెట్టడం కూడా న్యాయం కాదు.

కొలతలో శుభం

ఆహారాన్ని కొలుచుకోవడం ధార్మికంగా చిన్న విషయం కాదు. మిఖ్దామ్ బిన్ మఅదీకరిబ్ (రజి) ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉంది. ఆహార ధాన్యాలను కొలుచుకోవాలని, అలా చేస్తే వాటిలో శుభం కలుగుతుందని దైవప్రవక్త (స) అందులో ఉపదేశించారు. మదీనా ప్రజల కొలతలైన సాఅ్, ముద్‌లలో బరకత్ కోసం ఆయన దుఆ చేసిన విషయం కూడా హదీసు గ్రంథాలలో ఉంది. ముద్ అంటే మధ్యస్థంగా ఉండే మనిషి రెండు అరచేతులు కలిపి పట్టేంత. నాలుగు ముద్‌లు ఒక సాఅ్. ప్రతి సంవత్సరం రమజాన్‌లో ఫిత్రా చెల్లించేటప్పుడు మనం ఆ కొలతనే లెక్కిస్తున్నాం. ఏడాదికి ఒకసారి పేదవాని భాగం కోసం వాడే కొలతను నెలనెలా మన వంటింటి కోసం కూడా వాడుకోవచ్చు.

చదువుకున్న పాఠకులకు ఇక్కడ ఒక సందేహం రావచ్చు. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి) ఇంట్లో కొద్దిపాటి యవలు ఉండేవి. దైవప్రవక్త (స) పరమపదించిన తరువాత ఆమె చాలాకాలం వాటినే తింటూ వచ్చారు. ఒకనాడు ఎంత మిగిలిందో కొలిచి చూశారు. ఆపై అవి అయిపోయాయి. ఈ ఉల్లేఖనం కూడా ప్రామాణికమైనదే. మరి కొలవాలా, కొలవకూడదా? హదీసు వ్యాఖ్యాతలు ఈ రెంటినీ చక్కగా సమన్వయం చేశారు. కొనేటప్పుడు, ఇంటివారి కోసం బయటకు తీసేటప్పుడు కొలవడం మంచిది. మిగిలినది ఎన్నాళ్లు వస్తుందోనన్న బెంగతో మాటిమాటికీ తవ్వి చూడటం మంచిది కాదు. గృహిణికి ఇంతకంటే ఆచరణీయమైన సూత్రం ఏముంటుంది? సరుకు లోపలికి వచ్చేటప్పుడు ఒక కొలత, పొయ్యి మీదకు వెళ్లేటప్పుడు ఒక కొలత. ఈ రెండూ సరిగ్గా ఉంటే డబ్బాలోకి తొంగిచూసి దిగులుపడే పని ఉండదు.

ఉపాధి అల్లాహ్ చేతిలో ఉండగా ఈ లెక్కలెందుకని కొందరు అంటారు. దైవప్రవక్త (స) తమ కుటుంబం కోసం ఒక సంవత్సరానికి సరిపడా ఆహారాన్ని విడిగా ఉంచేవారని హజ్రత్ ఉమర్ (రజి) తెలియజేశారు. యూసుఫ్ (అలైహిస్సలాం) ఈజిప్టులో ఏడు సంవత్సరాల పంటను ఎలా పొదుపుగా వాడాలో, ఎలా నిల్వ చేయాలో ముందే ప్రణాళిక వేసిన వృత్తాంతం దివ్య ఖుర్‌ఆన్‌లో ఉంది. ఇద్దరూ దైవప్రవక్తలే. వారికంటే ఎక్కువ తవక్కుల్ మనకుందా? ఒక హద్దు మాత్రం గుర్తుంచుకోవాలి. ఇంటి అవసరానికి నిల్వ చేసుకోవడం వేరు, కొరత వస్తుందన్న పుకారు విని బస్తాలు నింపుకొని ఇతరులకు దొరకకుండా చేయడం వేరు. రెండోది పాపం.

మన ఇంటి కొలత ఎంత?

మన పెద్దల ఇళ్లలో ఈ విద్య సహజంగానే ఉండేది. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. ఇంటిలో ఎందరున్నారో చూసి, ఇన్ని సోలలని కొలిచి బియ్యం ఎసట్లో పోసేవారు. చోళ్లు, ఉలవలు కూడా కొలతతోనే తీసేవారు. ఇప్పుడు ప్లాస్టిక్ డబ్బాలో చేతికందిన గ్లాసు ఏదో ఒకటి ఉంటుంది. అది పగిలితే మరో గ్లాసు వస్తుంది. కొలత మారిన సంగతి ఎవరూ గమనించరు.

మదరసా వంటశాలలో ఈ క్రమశిక్షణ ఇప్పటికీ తప్పనిసరి. బియ్యం డబ్బా మూత తీయడానికి ముందే వంటమనిషి ఈ పూట ఎందరని అడుగుతాడు. సెలవుకు ఇళ్లకు వెళ్లినవారు ఎందరు, జ్వరంతో గంజి తాగేవారు ఎందరు అన్నది తెలిసిన తరువాతనే కొలత పడుతుంది. ఆ ఒక్క ప్రశ్న మన ఇళ్లలో అడగం. పెద్దబ్బాయి ఊళ్లో లేకపోయినా, ఇంటాయన రాత్రికి బయట భోంచేసి వస్తున్నా అదే గిన్నె నిండుతుంది.

ఇద్దరు పెద్దలు, ముగ్గురు పిల్లలు ఉన్న ఇంటిని తీసుకుందాం. మనిషికి రోజుకు సగటున 250 గ్రాముల బియ్యం అనుకుంటే రోజుకు కిలోంబావు, ముప్పై రోజులకు 37 కిలోల 500 గ్రాములు. ప్రాధాన్య కుటుంబాల రేషన్ కార్డు ఉంటే మనిషికి 5 కిలోల చొప్పున 25 కిలోలు ఉచితంగా వస్తాయి. కొనవలసింది పన్నెండున్నర కిలోలు. 2025 జూన్ నుంచి మన రాష్ట్రంలో రేషన్ మళ్లీ చౌకధరల దుకాణాలలోనే, నెలలో 1వ తేదీ నుంచి 15 వరకు ఇస్తున్నారు కనుక ఆ తేదీలను పద్దు మొదటి పేజీలో రాసి ఉంచుకోవాలి. రెండో పక్షంలో గుర్తు వస్తే ఆ 25 కిలోలకూ డబ్బు పెట్టవలసి వస్తుంది.

ఇక నూనె. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలలో, రోజుకు రెండు వేల కేలరీలు అవసరమైన వ్యక్తికి నూనె, కొవ్వు పదార్థాలు 27 గ్రాములు సూచించింది. ఐదుగురికీ అంతే లెక్కవేసినా నెలకు 4 కిలోల పైచిలుకు. లీటరు నూనె బరువు దాదాపు 910 గ్రాములు కనుక సుమారు నాలుగున్నర లీటర్లు. చిన్నపిల్లలున్న ఇంటికి 4 లీటర్లు చాలు. అంతకు మించితే డబ్బుతోపాటు ఆరోగ్యం కూడా ఖర్చవుతున్నదని అర్థం. పప్పు మనిషికి రోజుకు 40 గ్రాములైతే నెలకు 6 కిలోలు. పంచదార, టీపొడి, చింతపండు, ఎండుమిర్చి, సబ్బులు కూడా ఇలాగే ఒక్కొక్కటీ తేల్చుకోవాలి. మొదటి నెల అంచనా తప్పినా ఫరవాలేదు. మూడు నెలలు రాస్తే మీ ఇంటి సొంత కొలత మీకే తెలుస్తుంది.

ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. నెలకు నాలుగు వారాలని లెక్క వేస్తాం. నిజానికి ఫిబ్రవరి తప్ప ప్రతి నెలలోనూ నాలుగు వారాల మీద రెండు మూడు రోజులు ఉంటాయి. మామూలు సంవత్సరంలో అటువంటి రోజులు మొత్తం 29. అంటే దాదాపు ఒక నెల తిండిని మనం లెక్కలోకే తీసుకోవడం లేదు. అరువు పుట్టేది ఎక్కువగా ఆ రోజులలోనే. కనుక వచ్చిన సరుకును నాలుగు భాగాలుగా కాక ఐదు భాగాలుగా చేయాలి. నాలుగు భాగాలు వారాలకు, ఐదవ చిన్న భాగం ఆఖరు రోజులకు. ఆ ఐదవ భాగాన్ని వేరే డబ్బాలో పోసి పై అటక మీద పెట్టడం మేలు.

అంగట్లో జాగ్రత్తలు

పాతపట్నం వాసులకు ఒక ప్రత్యేక పరిస్థితి ఉంది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణం అటు వెళ్లింది, పాతపట్నం ఇటు మిగిలింది. రాష్ట్రాలు వేరైనా బజార్లు పక్కపక్కనే ఉన్నాయి. ఏ వస్తువు ఎటువైపు చౌక అన్న చర్చ సరిహద్దు ఇళ్లలో సహజం. చౌకగా కొనడం తప్పు కాదు, తెలివే. అయితే లెక్క పూర్తిగా వేయాలి. కిలోకు 4 రూపాయలు తగ్గుతుందని 6 కిలోల పప్పు కోసం వెళితే మిగిలేది 24 రూపాయలు. రానుపోను ఆటోకు 40 పెడితే 16 రూపాయలు నష్టం. పైగా పద్దులో లేని బిస్కెట్లు, మిక్చరు పొట్లాలు సంచిలో చేరి వస్తాయి. వేరే పనిమీద వెళ్లినప్పుడు, చీటీ చేతిలో ఉన్నప్పుడు మాత్రమే ఆ చౌక నిజంగా చౌక అవుతుంది.

చిరుతిళ్ల విషయం తేలికగా తీసుకోదగినది కాదు. కేంద్ర ప్రభుత్వం 2023-24లో జరిపిన కుటుంబ వినియోగ వ్యయ సర్వే ప్రకారం గ్రామీణ భారతంలో మొత్తం ఖర్చులో 47 శాతం తిండికి పోతోంది. అందులో బియ్యం, గోధుమల వంటి ధాన్యాల వాటా 5 శాతం దగ్గర ఉండగా, పానీయాలు, చిరుతిళ్లు, తయారైన ఆహారాల వాటా 10 శాతానికి చేరువలో ఉంది. ధాన్యం వాటా తగ్గడానికి ఉచిత బియ్యం కూడా ఒక కారణమే. అయినప్పటికీ అన్నం కోసం పెట్టేదానికి రెట్టింపు పొట్లాలకు పెడుతున్నామన్నది ఆలోచించవలసిన మాట. వీటిలో చాలావరకు నెలసరి చీటీలో ఉండవు. ఐదు, పది రూపాయల చొప్పున పిల్లల చేతుల మీదుగా పోతాయి. రోజుకు 20 రూపాయలైతే నెలకు 600. పిల్లలకు బొత్తిగా కొనవద్దని కాదు. వారానికి ఇంత అని చీటీలోనే ఒక వరుస కేటాయించాలి. వేయించిన శనగలు, వేరుశనగ ఉండలు, అటుకులు ఇంట్లో ఉంటే పిల్లలు వాటికే అలవాటు పడతారు.

పొట్లాల తూకం కూడా చూసుకోవాలి. ఒకే ఆకారంలో కనిపించే నూనె ప్యాకెట్లలో అన్నింటిలోనూ 910 గ్రాములు ఉండవు, కొన్నింటిలో అంతకంటే తక్కువ ఉంటుంది. ధర పెంచకుండా బరువు తగ్గించడం వ్యాపారంలో ఒక ఎత్తుగడ. పొట్లం మీద నికర బరువు, గరిష్ఠ చిల్లర ధర ముద్రించడం చట్ట ప్రకారం తప్పనిసరి. తూకంలో తగ్గించేవారిని హెచ్చరిస్తూ దివ్య ఖుర్‌ఆన్‌లో ఒక సూరానే అవతరించింది. ఆ హెచ్చరిక అమ్మేవారికి. చదివి కొనే బాధ్యత మనది. మోసం జరిగిందని తోస్తే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి ఫిర్యాదు చేయవచ్చు.

అరువు రాసుకోవడం ఆరాధనలో భాగమే

పంట చేతికి వచ్చేదాకా, కూలి అందేదాకా కొట్టులో పద్దు పెట్టుకోక తప్పని ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అది అవమానం కాదు. దైవగ్రంథంలోని అత్యంత పొడవైన ఆయతు అప్పు వ్రాతకు సంబంధించినదే. అది అల్ బఖరా సూరాలోని 282వ ఆయతు. చిన్నదైనా పెద్దదైనా రాసుకోవడంలో బద్ధకించవద్దని అందులో ఆదేశం ఉంది. అయినా మన ఇళ్లలో అరువు పద్దు కొట్టు యజమాని పుస్తకంలో మాత్రమే ఉంటుంది. అదే తేదీతో, అదే అంకెతో మన పుస్తకంలో కూడా ఉండాలి. అప్పుడే దుకాణదారుపై అనవసర అనుమానం కలగదు, మనకూ నష్టం ఉండదు. పిల్లవాడిని కొట్టుకు పంపినప్పుడు చీటీ మీద సరుకు పేరుతోపాటు పరిమాణం కూడా రాసి పంపితే పొరపాట్లు తగ్గుతాయి.

పద్దు ఇద్దరిదీ

ఇంటి ఖర్చు భరించడం భర్త విధి. ఎవరి స్తోమతను బట్టి వారు ఖర్చు చేయాలని, శక్తికి మించిన భారం ఎవరిపైనా లేదని అత్ తలాఖ్ సూరాలో ఉంది. అబూ సుఫ్యాన్ (రజి) తగినంత ఇవ్వడం లేదని ఆయన భార్య హింద్ (రజి) దైవప్రవక్త (స) ముందు విన్నవించుకున్నప్పుడు, తనకూ పిల్లలకూ ధర్మసమ్మతంగా సరిపోయేంత ఆయన సొమ్ములోంచి తీసుకోవడానికి ఆమెకు అనుమతి లభించింది. ఇక్కడ గీటురాయి ‘సరిపోయేంత’ అన్నదే. సరిపోయేంత ఎంతో తెలియాలంటే కొలత కావాలి. మనసుకు తోచిన ఒక అంకె చెప్పి సరిపెట్టమనడం న్యాయం కాదు. ముందు ఇద్దరూ కూర్చొని పరిమాణాలు తేల్చాలి, తరువాత ఆ వారపు ధరలు వేయాలి, ఆపై సొమ్ము నిర్ణయించాలి. ఆదాయం చాలకపోతే ఏది తగ్గించాలో కూడా ఇద్దరూ కలిసి తేల్చుకోవాలి. భర్త తన నిజమైన ఆదాయం దాచకూడదు. భార్య కొట్టు బాకీ దాచకూడదు.

కుటుంబం మీద ఖర్చు చేసే దీనారుకు అత్యధిక ప్రతిఫలం ఉందని హదీసులో ఉంది. అటువంటి పుణ్యకార్యాన్ని దెప్పిపొడుపులతో పాడుచేసుకోవడం ఎందుకు?

పొదుపు వేరు, పిసినారితనం వేరు

దైవదాసులు దుబారా చేయరు, పిసినారితనమూ చూపరు, మధ్యస్థంగా ఉంటారని అల్ ఫుర్ఖాన్ సూరా వర్ణిస్తుంది. కనుక మన పద్దులో అతిథికి, పొరుగువారికి, పేదలకు స్థానం లేకపోతే ఆ పద్దు ఇస్లామీయ పద్దు కాదు. కూర వండేటప్పుడు పులుసు కాస్త పెంచి పొరుగువారిని గుర్తుంచుకోమని దైవప్రవక్త (స) అబూ జర్ (రజి)కు బోధించారు. ఉన్న కూరలోనే నీళ్లు కలిపి పంచుకునే ఆ మార్గం ఎంత పేద ఇంటికైనా సాధ్యమే. శ్రీకాకుళం జిల్లాలో మన కుటుంబాలు చాలా తక్కువ. మన పొరుగువారిలో ఎక్కువమంది ముస్లిమేతర సోదరులే. పొరుగు హక్కు వారికీ ఉంది.

ఉత్తర భారతంలో ఎన్నో మదరసాలు ఇల్లాళ్లు తీసిపెట్టిన పిడికెడు బియ్యంతో నడిచాయి. వంటకు కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు వేరే కుండలో వేసేవారు. వారి పొయ్యి మీద అన్నం తగ్గినట్టు ఎవరికీ తెలిసేది కాదు, నెలాఖరుకు ఆ కుండ మాత్రం నిండేది. కొలత ఉన్న ఇంటికే ఇటువంటి దానం సులువు.

పారేసే అన్నం సంగతి కూడా ఆలోచించాలి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024 నివేదిక అంచనా ప్రకారం మన దేశంలో ఇళ్లలో వృథా అయ్యే ఆహారం, తొక్కల వంటివాటితో కలిపి, తలకు ఏడాదికి 55 కిలోలు. ఐదుగురి ఇంటికి 275 కిలోలు. రమజాన్‌లో ఇది మరింత పెరగడం విచారకరం. పగలంతా ఆకలిని అనుభవించే నెలలోనే వెచ్చాల ఖర్చు రెట్టింపవుతోంది. ఇఫ్తార్‌కు ఐదు రకాలు వండి, రెండింటిని మరునాడు పారబోస్తున్నాం. రమజాన్ కోసం షాబాన్‌లోనే వేరే చీటీ రాసుకోవాలి. ఖర్జూరాలు ఎన్ని కిలోలు, శనగపిండి ఎంత, నూనె ఎంత, ఇఫ్తార్ పంపవలసిన ఇళ్లు ఎన్ని అన్నది ముందే తేలిపోతే ఆరాధనకు సమయం మిగులుతుంది, ఈద్ ఖర్చుకు డబ్బూ మిగులుతుంది.

ఈ నెల నుంచే

నోటుపుస్తకంలో ఒక పేజీకి ఐదు గడులు గీయండి. సరుకు పేరు, అనుకున్న పరిమాణం, తెచ్చిన పరిమాణం, ధర, నెలాఖరున మిగిలినది. మూడు సోలలో, రెండు గ్లాసులో, మీ ఇంటి కొలపాత్ర ఒకటే ఉండేలా చూడండి. దానిని మార్చవద్దు. నెల చివరి రోజున భార్యాభర్తలు పావుగంట కూర్చొని ఆ పేజీ చూడండి. పెరిగిన ఖర్చులో ధర వాటా ఎంత, వాడకం వాటా ఎంత అన్నది విడదీయండి. ధర వాటా కనిపిస్తే సహనం వహించండి, ప్రత్యామ్నాయం వెతకండి. కందిపప్పు ప్రియమైనప్పుడు ఉలవచారుతో భోజనం గడవకపోదు. వాడకం వాటా కనిపిస్తే ఎవరినీ నిందించక, మరుసటి నెల కొలత సరిచేసుకోండి. మిగిలినది ఏదైనా ఉంటే అల్హందులిల్లాహ్ అనుకొని, అందులో ఒక భాగం అవసరంలో ఉన్నవారికి చేర్చండి.

అల్లాహ్ మన ఇళ్ల కొలతలలో బరకత్ ప్రసాదించుగాక! దుబారా నుంచి, పిసినారితనం నుంచి, అప్పుల భారం నుంచి మనల్ని కాపాడుగాక! భోజనం వేళ మన ఇళ్లలో తగవు లేకుండా ఉండే భాగ్యం కలిగించుగాక! ఆమీన్.